రూపాయి బలపడినా బేగంబజారు ధరలు ఎందుకు దిగవు?

సంక్షిప్తంగా: డాలరుతో పోల్చినప్పుడు రూపాయి విలువ పెరిగితే దిగుమతి సరుకు మన రేవుకు చేరేసరికి చవకవుతుంది. అయితే ఆ తగ్గుదల దుకాణం దాకా పూర్తిగా రావడం అరుదు. పన్నులు, పాత నిల్వలు, ముందుగా కుదుర్చుకున్న ఒప్పందాలు, వ్యాపారి జాగ్రత్త కలిసి దాన్ని మధ్యలోనే తగ్గించేస్తాయి. బంగారం, విదేశీ చదువుల ఫీజుల మీద ప్రభావం వెంటనే కనిపిస్తుంది. వంటనూనె మీద కొంత ఆలస్యంగా, పెట్రోలు మీద దాదాపు కనిపించకుండా ఉంటుంది. డాలరు సంపాదన మీద ఆధారపడిన హైదరాబాద్ వంటి నగరంలో ఈ లాభానికి ఎదురుగా ఒక నష్టం కూడా ఉంటుంది.

2025 వేసవిలో జరిగింది

2025 ఫిబ్రవరి రెండో వారంలో డాలరు విలువ 88 రూపాయలకు చేరువైంది. మే మొదటి వారానికి అది 84 దగ్గరకు దిగింది. మూడు నెలల్లో నాలుగు రూపాయల తేడా అంటే దాదాపు ఐదు శాతం. కరెన్సీ మార్కెట్లో ఇది చిన్న కదలిక కాదు.

అదే మూడు నెలల్లో హైదరాబాద్ ఇళ్లలో కనిపించిన లెక్క వేరు. ఏప్రిల్‌లో వంటగ్యాస్ సిలిండర్ ధర 855 నుంచి 905 రూపాయలకు పెరిగింది. పెట్రోలు లీటరు 107 రూపాయల చిల్లర దగ్గర కదలకుండా కూర్చుంది. ఏప్రిల్ 22న పది గ్రాముల మేలిమి బంగారం, జీఎస్టీ కలుపుకొని, మొదటిసారి లక్ష రూపాయలు తాకింది. రూపాయి బలపడితే ధరలు దిగాలన్నది బడిలో నేర్చుకున్న సూత్రం. కళ్లముందు జరిగింది దానికి పూర్తిగా విరుద్ధంగా ఉంది.

సూత్రం తప్పు కాదు. అది రేవు దగ్గర నిజం. రేవు నుంచి సంచిలోకి వచ్చే దారిలో ఏం జరుగుతుందో అది చెప్పదు.

దేనితో పోలిస్తే బలం?

ముందుగా ఒక విషయం తేల్చుకోవాలి. వార్తల్లో ‘రూపాయి బలపడింది’ అంటే దాదాపు ఎప్పుడూ డాలరుతో పోల్చి చెప్పే మాటే. కానీ రెండు కారణాల్లో ఏదైనా దాని వెనుక ఉండవచ్చు. మన దేశంలోకి పెట్టుబడులు వచ్చి, ముడిచమురు చవకై రూపాయికి సొంతంగా బలం రావచ్చు. లేదా డాలరే ప్రపంచమంతటా బలహీనపడవచ్చు. 2025 వేసవిలో ప్రధానంగా రెండోదే జరిగింది. అమెరికా ప్రకటించిన సుంకాల తర్వాత డాలరు అన్ని పెద్ద కరెన్సీల ముందూ తగ్గింది.

ఈ తేడా ఇంటి లెక్కల్లో ఎలా కనిపిస్తుందో చూడాలంటే జర్మనీకి పిల్లలను పంపే కుటుంబాలను చూడాలి. డాలరు 88 నుంచి 84కు దిగిన ఆ మూడు నెలల్లోనే యూరో సుమారు 90 రూపాయల నుంచి 95 రూపాయల దాకా ఎక్కింది. జర్మనీ వీసాకు విద్యార్థి ఒక ఏడాది ఖర్చు కింద ప్రత్యేక ఖాతాలో చూపించాల్సిన మొత్తం అప్పట్లో 11,904 యూరోలు. ఐదు రూపాయల తేడాతో ఆ మొత్తం దాదాపు 60 వేల రూపాయలు పెరిగింది. ఒకే వీధిలో అమెరికా ప్రయాణానికి సిద్ధమవుతున్న ఇంటికి ఖర్చు తగ్గింది, జర్మనీకి సిద్ధమవుతున్న ఇంటికి పెరిగింది. పత్రికల్లో మాత్రం రెండిళ్లూ చదివింది ఒకే శీర్షిక.

అయినా డాలరుకే ప్రాధాన్యం ఇవ్వడానికి కారణం ఉంది. మలేసియా పామాయిలైనా, చైనా మొబైల్ విడిభాగాలైనా, గల్ఫ్ ముడిచమురైనా బిల్లు ఎక్కువగా డాలర్లలోనే రాస్తారు. మయన్మార్ నుంచి వచ్చే మినుములకైనా అంతే. అందుకే కిరాణా సరుకు మీద ప్రభావం చూడాలంటే ఆ దేశపు కరెన్సీ కంటే డాలరు రేటే ముఖ్యం.

వంటనూనె: లీటరుకు నాలుగు రూపాయల కథ

మన దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా బయటి నుంచే వస్తుంది. పామాయిల్ ఇండొనేషియా, మలేసియాల నుంచి, పొద్దుతిరుగుడు నూనె రష్యా, ఉక్రెయిన్, అర్జెంటీనాల నుంచి, సోయా నూనె అర్జెంటీనా, బ్రెజిల్‌ల నుంచి దిగుమతి అవుతాయి. అందువల్ల మారకపు రేటు నేరుగా తాకే సరుకుల్లో ఇది ముందుంటుంది.

లెక్క సులువు కోసం టన్ను ముడి పామాయిల్ వెయ్యి డాలర్లు అనుకుందాం. డాలరు 88 ఉంటే కిలో 88 రూపాయలు, 84 ఉంటే 84 రూపాయలు. దిగుమతి సుంకం విలువ మీద శాతంగా వేస్తారు కాబట్టి ధర తగ్గితే సుంకం కూడా కొంత తగ్గుతుంది. మొత్తం సుంకం 16.5 శాతం లెక్కన కిలోకు 4.66 రూపాయలు ఆదా. లీటరు నూనె బరువు కిలో కంటే తక్కువ కాబట్టి ప్యాకెట్‌కు నాలుగు రూపాయల చిల్లర. నెలకు నాలుగు లీటర్లు వాడే ఇంటికి, తగ్గింపు మొత్తం చేతికి అందిందనే అనుకున్నా, పదిహేడు రూపాయలు.

ఇప్పుడు ప్రభుత్వ నిర్ణయం బరువు చూడాలి. 2024 సెప్టెంబర్ 14 నుంచి ముడి వంటనూనెల మీద మొత్తం సుంకం 5.5 శాతం నుంచి 27.5 శాతానికి పెరిగింది. అదే వెయ్యి డాలర్ల నూనె మీద, అప్పటి 84 రూపాయల డాలరు లెక్కన, కిలోకు అదనంగా పడిన భారం 18 రూపాయల 48 పైసలు. ఆ భారాన్ని మారకపు రేటు ఒక్కటే తుడిచిపెట్టాలంటే డాలరు 84 నుంచి 69.50 రూపాయలకు దిగాలి. రూపాయి అంతగా బలపడటం సమీప గతంలో ఎన్నడూ జరగలేదు. 2025 మే ఆఖరులో ఆ సుంకాన్ని 16.5 శాతానికి తగ్గించినప్పుడు కలిగిన ఊరట, అంతకు ముందు మూడు నెలల్లో రూపాయి తెచ్చిన ఊరటకు దాదాపు రెట్టింపు.

వంటనూనె ధర ఎందుకు మారిందో తెలుసుకోవాలనుకునేవారు డాలరు రేటు కంటే ముందు సుంకం నోటిఫికేషన్ చూడటం మంచిదని దీన్నిబట్టి చెప్పవచ్చు. సుంకం పెంచడానికి ఆయిల్‌పామ్, సోయా, వేరుశనగ రైతుల గిట్టుబాటు అనే బలమైన కారణం ఉంటుంది. దాని సంగతి కింద వస్తుంది.

పెట్రోలు: ఆదా ఎవరికి చేరుతుంది

ముడిచమురులో 85 శాతానికి పైగా దిగుమతే. పీపా 70 డాలర్లు, అందులో 159 లీటర్లు. డాలరు 88 నుంచి 84కు వస్తే లీటరు ముడిచమురు 38.74 నుంచి 36.98 రూపాయలకు దిగుతుంది. తేడా 1.76 రూపాయలు. తెలంగాణలో పెట్రోలు మీద వ్యాట్ 35.2 శాతం. అదీ విలువ మీదే కాబట్టి తగ్గింపు పూర్తిగా బంకు దాకా వస్తే లీటరుకు దాదాపు 2.40 రూపాయలు దిగాలి.

రాలేదు. కాగితం మీద పెట్రోలు ధర మీద నియంత్రణ 2010 జూన్‌లో, డీజిల్ మీద 2014 అక్టోబర్‌లో తొలగిపోయింది. 2017 జూన్ నుంచి ధర రోజూ మారాలి. ఆచరణలో 2022 ఏప్రిల్ తర్వాత బంకు ధర కదిలింది చాలా తక్కువ సార్లు. చమురు ఖరీదైనప్పుడు ప్రభుత్వ రంగ చమురు సంస్థలు నష్టం భరిస్తాయి, చవకైనప్పుడు ఆ నష్టం పూడ్చుకుంటాయి. మిగిలితే ఖజానా తీసుకుంటుంది. 2025 ఏప్రిల్‌లో సరిగ్గా ఇదే జరిగింది. ముడిచమురు చవకై, రూపాయి బలపడిన సమయం చూసి కేంద్రం లీటరుకు రెండు రూపాయల ఎక్సైజ్ సుంకం పెంచింది. బంకులో ధర మారలేదు కాబట్టి వాహనదారుడికి తెలియలేదు. రూపాయి బలం వల్ల అతనికి రావాల్సిందే ఆ రెండు రూపాయల్లో కొంత.

ఇది కొత్త అలవాటూ కాదు. 2014 మధ్యలో వంద డాలర్లు దాటి ఉన్న చమురు 2016 జనవరికి 30 డాలర్ల కిందికి పడినప్పుడు, 2014 నవంబర్ నుంచి 2016 జనవరి మధ్య ఎక్సైజ్ సుంకం తొమ్మిదిసార్లు పెరిగింది. పెట్రోలు మీద లీటరుకు 11.77, డీజిల్ మీద 13.47 రూపాయలు. ప్రభుత్వాలకు ఆదాయం కావాలి, ఆ డబ్బు రోడ్లకో పథకాలకో పోతుందన్న వాదనలో నిజముంది. కానీ ధర పెరిగేటప్పుడు ‘అంతర్జాతీయ మార్కెట్’ అని చెప్పి, తగ్గేటప్పుడు ఆ మాట ఎత్తకపోవడం వినియోగదారుడికి న్యాయంగా కనిపించదు.

ఎరువుల విషయంలోనూ దాదాపు ఇదే తీరు. 45 కిలోల యూరియా బస్తా రైతుకు 266.50 రూపాయలకే అందుతుంది. రూపాయి ఎటు కదిలినా ఆ అంకె కదలదు. మారేది కేంద్రం భరించే రాయితీ మొత్తం.

బంగారం: అద్దంలా కనిపించే ధర

దిగుమతి సరుకుల్లో మారకపు రేటును ఆలస్యం లేకుండా చూపించేవాటిలో ముందుండేది బంగారం. అబిడ్స్, బషీర్‌బాగ్, సికింద్రాబాద్ పాట్ మార్కెట్ దుకాణాల్లో పొద్దున రాసే రేటు వెనుక మూడు అంకెలుంటాయి: ఔన్సుకు డాలర్లలో అంతర్జాతీయ ధర, డాలరు రేటు, దిగుమతి సుంకం. ఔన్సు 3,000 డాలర్లు అనుకుంటే పది గ్రాములు సుమారు 964.50 డాలర్లు. డాలరు 88 నుంచి 84కు వస్తే సుంకానికి ముందు 3,858 రూపాయల తేడా. ఆరు శాతం సుంకం, మూడు శాతం జీఎస్టీ కలిపితే 4,200 రూపాయలకు పైనే.

మరి 2025 ఏప్రిల్‌లో ధర లక్షకు ఎందుకు ఎక్కింది? ఆ ఫిబ్రవరిలో 2,900 డాలర్ల దగ్గరున్న ఔన్సు ఏప్రిల్ 22న 3,500 డాలర్లను తాకింది. ఇరవై శాతం ఎక్కిన సరుకును ఐదు శాతం లోపు బలపడిన రూపాయి ఆపలేదు. ఆ రోజు డాలరు 85 రూపాయల చిల్లర. ఫిబ్రవరిలోలా 88 దగ్గరే ఉండి ఉంటే పది గ్రాములకు ఇంకో మూడు వేల రూపాయలకు పైగా ఎక్కువ పడేది. పెళ్లికి పది తులాలు కొన్న కుటుంబానికి 30 వేలకు పైగా మిగిలినట్టే. కానీ దుకాణం మెట్లు దిగుతున్నప్పుడు ఆ కుటుంబానికి తెలిసింది లక్ష దాటిన ధర మాత్రమే.

బలమైన రూపాయి చేసే మేలులో పెద్ద భాగం ఇలాంటిదే. ధర తగ్గదు, పెరగాల్సినంత పెరగదు. జరగని పెరుగుదల బిల్లులో కనిపించదు. 2007లోనూ ఇలాగే జరిగింది. ఆ ఏడాది రూపాయి డాలరుకు 44 దగ్గర నుంచి 39 చిల్లరకు బలపడింది. అదే సమయంలో ముడిచమురు వంద డాలర్ల వైపు పరుగెత్తి 2008 జనవరి 2న ఆ అంకెను తాకింది. అయినా మన దగ్గర పెట్రోలు ధరను 2008 ఫిబ్రవరిలో పెంచింది రెండు రూపాయలే. ధరను నాడు ప్రభుత్వమే నిర్ణయించేదన్నది నిజమే. చమురు సంస్థల నష్టాలు ఇంకా పెరగకుండా కాపాడటంలో రూపాయి పాత్ర కూడా ఉంది.

బేగంబజారు గోనెసంచి వెనుక

డ్రైఫ్రూట్స్ కొనడానికి నగరం నలుమూలల నుంచి జనం బేగంబజారుకు వస్తారు. అంచులు మడిచిన సంచుల్లో బాదం, పిస్తా, అంజీరు, ఖర్జూరం కుప్పలుగా ఉంటాయి. వాటి మీద గుచ్చిన అట్టముక్క మీద కిలో ధర. డాలరు రేటు మారిన మర్నాడు ఆ అట్టముక్క మారదు. ఎందుకు మారదో తెలియాలంటే సంచిలోని బాదం దారిని వెనక్కి అనుసరించాలి.

బాదంలో ఎక్కువ భాగం కాలిఫోర్నియా నుంచి పెంకుతో వస్తుంది. అక్కడ కోత ఆగస్టు నుంచి అక్టోబర్ దాకా. దిగుమతిదారు ధరను ముందే డాలర్లలో కుదుర్చుకుంటాడు. సరుకు ఓడలో వారాల తరబడి ప్రయాణించి, రేవులో దిగి, పెంకు తీయించుకుని, శీతల గిడ్డంగిలో నెలలు గడిపి, టోకు వ్యాపారి ద్వారా చిల్లర దుకాణానికి చేరుతుంది. ఈ రోజు సంచిలో ఉన్నది ఎప్పుడో పాత రేటుకు డబ్బు కట్టిన సరుకు. చాలామంది దిగుమతిదారులు డాలరు ఎక్కడ పెరిగిపోతుందోనని బ్యాంకుతో ముందస్తు రేటు ఒప్పందం కూడా చేసుకుంటారు. అలా చేసుకున్నవారికి రూపాయి బలపడినా కలిసొచ్చేది ఉండదు, వారు కట్టాల్సింది ఒప్పందంలో రాసుకున్న రేటే.

సుంకం తీరు కూడా వేరు. వంటనూనె మీద సుంకం శాతంలో ఉంటే, పెంకు బాదం మీద కిలోకు 35 రూపాయలని నిర్ణీతంగా ఉంది. రూపాయి ఎంత బలపడినా ఆ 35 తగ్గదు. పైన రవాణా, గిడ్డంగి అద్దె, కూలీ, దుకాణం అద్దె అన్నీ రూపాయల్లోనే. కిలో సరుకు ఆరు డాలర్లు అనుకుంటే డాలరు నాలుగు రూపాయలు దిగినప్పుడు ఆదా 24 రూపాయలు. తొమ్మిది వందల రూపాయల అట్టముక్క మీద అది మూడు శాతం కూడా కాదు. దానికే ధర మార్చి, వారానికే డాలరు మళ్లీ ఎక్కితే తిరిగి పెంచడం ఏ వ్యాపారికైనా తలనొప్పి. కొనేవాళ్లు తగ్గినప్పుడు గమనించకపోయినా పెరిగినప్పుడు తప్పక నిలదీస్తారు.

పెరిగేటప్పుడు మాత్రం ఈ ఆలస్యం ఉండదు. డాలరు ఎక్కిందంటే రాబోయే సరుకు ఖరీదవుతుందని చెప్పి పాత నిల్వకే కొత్త ధర పెడతారు. వ్యాపారి వైపు నుంచి దీనికి ఒక తర్కం ఉంది: ఇది అమ్మిన డబ్బుతోనే కొత్త సరుకు కొనాలి. అదే తర్కం ప్రకారం డాలరు దిగినప్పుడు పాత నిల్వనైనా తగ్గించి అమ్మాలి. అప్పుడు మాత్రం ‘పాత రేటుకు కొన్న సరుకండీ’ అన్న జవాబు వస్తుంది. ఈ రెండు నాల్కల ధోరణిని అదుపు చేసేది చట్టం కాదు. మారకపు రేటు లాభాన్ని వినియోగదారుడికి అందించాలన్న నిబంధన మన దగ్గర లేదు. అదుపు చేసేది పక్క దుకాణం. ఒకే సరుకు పది దుకాణాల్లో దొరికే బేగంబజారులో ధర కొంత త్వరగా దిగుతుంది. కాలనీలో ఒకే ఒక్క సూపర్ మార్కెట్ ఉన్నచోట దిగదు.

కంప్యూటర్ విడిభాగాల్లో ఈ పోటీ ఇంకా పదునుగా ఉంటుంది. సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గరి చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో హార్డ్ డిస్కు, మెమరీ, గ్రాఫిక్స్ కార్డుల ధర అడిగేవారు పక్కపక్కనే నాలుగు షాపులు తిరుగుతారు. నిల్వ త్వరగా తిరుగుతుంది, సరుకు త్వరగా పాతబడుతుంది. అందువల్ల అక్కడ ధర రెండు వైపులా కదులుతుంది. పెద్ద కంపెనీల ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల విషయం అలా కాదు. వాటి ధర మోడల్ విడుదల రోజున నిర్ణయమవుతుంది. రూపాయి బలపడితే కంపెనీ ధర తగ్గించదు, పండుగ ఆఫర్లో బ్యాంకు కార్డు తగ్గింపు కాస్త పెంచుతుంది.

పన్ను ముందు రూపాయి చిన్నది

2025 సెప్టెంబర్ 22న జీఎస్టీ రేట్లు మారాయి. ఏసీలు, 32 అంగుళాలు దాటిన టీవీల మీద పన్ను 28 నుంచి 18 శాతానికి, బాదం, పిస్తా, ఖర్జూరం వంటివాటి మీద 12 నుంచి 5 శాతానికి తగ్గింది. నలభై వేల రూపాయల ఏసీ మీద ఆ ఒక్క మార్పుతో 3,125 రూపాయలు దిగాలి. కంపెనీలు కొత్త ధరల పట్టికలు ప్రకటించాయి, జనం దుకాణాలకు కదిలారు. గమనించాల్సింది ఏమిటంటే, సరిగ్గా ఆ రోజుల్లో రూపాయి డాలరుకు 88 దాటి కొత్త కనిష్ఠాల్లో ఉంది. అంటే రూపాయి బలపడిన వేసవిలో దిగని ధరలు, అది బలహీనపడిన సెప్టెంబర్‌లో దిగాయి.

పన్ను తగ్గింపు అందరికీ ఒకే రోజు, ఒకే అంకెతో, బహిరంగంగా వస్తుంది. ఎవరు ఇచ్చారో ఎవరు ఇవ్వలేదో ఇట్టే తెలుస్తుంది. మారకపు రేటు లాభం ఒక్కో వ్యాపారికి ఒక్కోరోజు, ఒక్కో మొత్తంలో, గుట్టుగా వస్తుంది.

రిజర్వు బ్యాంకు ద్రవ్య విధాన నివేదికల్లోని అంచనాలు కూడా ప్రభావం పరిమితమనే చెబుతున్నాయి. రూపాయి ఐదు శాతం బలపడితే చిల్లర ద్రవ్యోల్బణం 0.20 నుంచి 0.35 శాతం పాయింట్ల మేర తగ్గవచ్చని వేర్వేరు సంవత్సరాల నివేదికలు లెక్కగట్టాయి. నెలకు 40 వేలు ఖర్చు చేసే ఇంటికి, ఎక్కువ అంచనానే తీసుకున్నా, 140 రూపాయలు. ఇంటి అద్దె, స్కూలు ఫీజు, పాలు, బియ్యం, కూరగాయలు, ఆటో కిరాయి, పనిమనిషి జీతం డాలరుతో నేరుగా ముడిపడినవి కావు. నగరంలో సగటు కుటుంబం ఖర్చులో సింహభాగం అవే. బోయిన్‌పల్లి మార్కెట్లో టమాటా ధరను మదనపల్లె వాన నిర్ణయిస్తుంది. మందుల్లో అత్యవసరమైనవాటికి ప్రభుత్వం గరిష్ఠ ధర నిర్ణయిస్తుంది, ఆ ధర ఏటా టోకు ధరల సూచీని బట్టి మారుతుందే గాని చైనా నుంచి వచ్చే ముడిపదార్థం చవకైనంత మాత్రాన మారదు.

ఇతర దేశాల్లో

పోటీ ఉంటే ఏమవుతుందో చెప్పడానికి స్విట్జర్లాండ్ మంచి ఉదాహరణ. 2015 జనవరి 15న అక్కడి కేంద్ర బ్యాంకు యూరోతో పోలిస్తే తమ ఫ్రాంక్ ఒక స్థాయి దాటి బలపడకుండా పెట్టిన కట్టుబాటును ఒక్కసారిగా ఎత్తేసింది. ఫ్రాంక్ ఒక్క రోజులో ఎగిసింది. సరిహద్దు దాటితే జర్మనీ పట్టణం కోన్‌స్టాంజ్. స్విస్ కుటుంబాలు వారాంతపు సరుకుల కోసం అక్కడికి వెళ్లడం పెరిగింది. గిరాకీ జారిపోతుంటే స్విస్ దుకాణాలు దిగుమతి సరుకుల ధరలు తగ్గించక తప్పలేదు. ఆ ఏడాది ఆ దేశంలో వినియోగదారుల ధరలు సగటున 1.1 శాతం తగ్గాయి.

జపాన్‌లో అలా జరగలేదు. డాలరు విలువ తగ్గించడానికి ఐదు పెద్ద దేశాలు 1985 సెప్టెంబర్‌లో కుదుర్చుకున్న ప్లాజా ఒప్పందం తర్వాత డాలరు 240 యెన్‌ల దగ్గర నుంచి రెండేళ్లలో దాదాపు సగానికి పడింది. యెన్ అంతగా బలపడినా దుకాణాల్లో ధరలు ఆ మేరకు దిగలేదు. సరుకు చాలా చేతులు మారి వినియోగదారుడికి చేరే పంపిణీ వ్యవస్థ లాభాన్ని మధ్యలోనే పీల్చుకుంది. ‘యెన్ బలపడిన లాభం జనానికి తిరిగివ్వాలి’ అన్నది అక్కడ రాజకీయ డిమాండుగా మారి, విద్యుత్, గ్యాస్ సంస్థలు చార్జీలు తగ్గించాల్సి వచ్చింది. హైదరాబాద్ వినియోగదారుడి పరిస్థితి స్విట్జర్లాండ్ కంటే జపాన్‌కు దగ్గర. మనకు నడిచి దాటగల సరిహద్దు లేదు.

ఒకే ఇంట్లో లాభం, నష్టం

హైదరాబాద్‌కు సంబంధించి ఈ విషయంలో అసలు చిక్కు ఇక్కడే ఉంది. 2023–24లో తెలంగాణ ఐటీ ఎగుమతులు సుమారు 2.68 లక్షల కోట్ల రూపాయలు. మాదాపూర్, గచ్చిబౌలి కార్యాలయాల్లో జరిగే పనికి బిల్లు డాలర్లలో, జీతాలు రూపాయల్లో. రూపాయి ఒక శాతం బలపడితే నిర్వహణ లాభశాతం 0.25 నుంచి 0.30 పాయింట్ల దాకా తగ్గుతుందని ఐటీ రంగంలో వాడుకలో ఉన్న లెక్క. కంపెనీలు ముందస్తు ఒప్పందాలతో దెబ్బను కొంతకాలం కాచుకుంటాయి. బలం నెలల తరబడి నిలిస్తే ఇంక్రిమెంట్లు పల్చబడతాయి, నియామకాలు నెమ్మదిస్తాయి. అప్పుడు కొండాపూర్‌లో ఖాళీగా ఉన్న ఫ్లాట్ అద్దె దగ్గర నుంచి హోటల్ గిరాకీ దాకా ప్రభావం పడుతుంది. నూనె మీద నెలకు పదిహేడు రూపాయలు మిగిలిన ఇంట్లోనే జీతం పెంపు వాయిదా పడవచ్చు. జీడిమెట్ల, పాశమైలారం, జీనోమ్ వ్యాలీ ఔషధ సంస్థలకు ముడిపదార్థం చవకవుతుంది కానీ అమెరికాకు అమ్మిన మందుకు వచ్చే రూపాయలు తగ్గుతాయి. ఎవరికి ఏది ఎక్కువన్నది ఒక్కో కంపెనీ ఎగుమతుల వాటాను బట్టి ఉంటుంది.

నగరం బయట నష్టం ఇంకా సూటిగా తగులుతుంది. అశ్వారావుపేట పరిసరాల ఆయిల్‌పామ్ రైతుకు గెలల ధరను ముడి పామాయిల్ ధర ఆధారంగా నెలనెలా నిర్ణయిస్తారు. దిగుమతి నూనె చవకైతే గెల ధర దిగుతుంది. వినియోగదారుడికి కిలోకు నాలుగు రూపాయలు తగ్గినా తగ్గకపోయినా రైతుకు ఆ దెబ్బ తగలడం ఖాయం, ఎందుకంటే అతని ధర సూత్రం ముడి పామాయిల్ ధరకే కట్టి ఉంది. ఖమ్మం మార్కెట్లో తేజ రకం మిర్చికి చైనా కొనుగోళ్లే ఆధారం. రూపాయి బలపడినప్పుడు ఎగుమతిదారు డాలర్లలో అదే ధర పొందినా చేతికి తక్కువ రూపాయలు వస్తాయి, ఆ మేరకు వేలం పాటలో ధర తగ్గిస్తాడు. నగరంలో కారం పొడి ధర మీద దాని జాడ చాలా ఆలస్యంగా, చాలా పల్చగా కనిపిస్తుంది. ఈ గొలుసులో బలహీనమైన కొస దగ్గర నిలబడినవాడి మీదే సర్దుబాటు భారం ఎక్కువగా పడుతోందని చెప్పక తప్పదు. సుంకాల విధానం రూపొందించేటప్పుడు వినియోగదారుల ధర ఒక్కటే చూడకూడదనే వాదనకు బలం ఇక్కడి నుంచే వస్తుంది.

ఏ ధరను గమనించాలి

బంగారం సంగతి పక్కనపెడితే, రూపాయి బలపడిందన్న వార్త కొనుగోలుదారుడికి వెంటనే పనికొచ్చేది డాలర్లలోనే చెల్లించాల్సిన ఖర్చు విషయంలో మాత్రమే. మధ్యలో గిడ్డంగి లేదు, పాత నిల్వ లేదు. అమెరికాలో ఏడాదికి 30 వేల డాలర్ల ఫీజు కట్టే విద్యార్థి కుటుంబానికి డాలరు 88 నుంచి 84కు దిగితే 1.20 లక్షల రూపాయలు మిగులుతాయి. బ్యాంకు తన రేటులో కలుపుకునే తేడా, కార్డు మీద కట్టితే పడే అదనపు రుసుము తీసేసినా ఇది గట్టి మొత్తమే. పిల్లలు అక్కడి నుంచి పంపే డాలర్ల మీద ఇల్లు గడుపుకునే తల్లిదండ్రులకు ఇదే లెక్క తిరగబడుతుంది. నెలకు 500 డాలర్లు అందుకునే ఇంటికి రెండు వేల రూపాయలు తగ్గుతాయి.

వంటనూనె, పప్పులు, డ్రైఫ్రూట్స్ విషయంలో బలం కనీసం రెండు మూడు నెలలు నిలవాలి, కొత్త సరుకు రావాలి, ఆలోగా సుంకం మారకూడదు. ఈ మూడూ కలిసిరావడం కష్టమని 2025 చూపించింది. మే మొదట్లో 84 దగ్గరున్న డాలరు ఆగస్టు ఆఖరుకు మొదటిసారి 88 దాటింది, డిసెంబర్ మొదటి వారంలో 90 దాటింది. మే నెలలో ధర తగ్గించని దిగుమతిదారు పిసినారి కావచ్చు, లేదా ఆ బలం నిలవదని సరిగ్గా ఊహించి ఉండవచ్చు. బయటి నుంచి చూసేవారికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. సెమిస్టర్ ఫీజు 15 వేల డాలర్లను మేలోనే కట్టేసిన కుటుంబానికి, ఇంకా దిగుతుందేమోనని ఆగస్టు గడువు దాకా ఆగిన కుటుంబానికి మధ్య తేడా 60 వేల రూపాయల దాకా.